ఈ బండి కదలదు

మా ఇంట్లో పుస్తకాల బీరువా మీద ఒక గాజు పెట్టె ఉంది. అందులో 27 సెంటీమీటర్ల పొడవున్న నల్లటి ఆవిరి ఇంజను ఒకటి పట్టాల మీద నిలబడి ఉంటుంది. ఇంటికి వచ్చిన పిల్లలు తిన్నగా దాని దగ్గరకే పోతారు. తుపాకి గుండులా పొడుచుకు వచ్చిన దాని ముక్కునూ, ముక్కు మీది నక్షత్రాన్నీ చూసి ముచ్చటపడతారు. పెద్దవాళ్లు "ఎక్కడ కొన్నారు? ఎంతయింది?" అని అడుగుతారు. ఇంజనుకు ముందువైపు, రెండు బఫర్ల నడుమ, కొక్కేనికి పక్కగా బియ్యపు గింజ కన్న సన్నని గొట్టం ఒకటి వంగి ఉంటుంది. దాన్ని గమనించినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు. నాకూ మా నాన్నకూ మాత్రం ఆ ఇంజనులో అన్నిటి కన్న ముఖ్యమైనది అదే.

మాది ఒడిశాలోని జట్నీ. ఊరి పేరు జట్నీ అయినా స్టేషను పేరు ఖుర్దారోడ్డు. రైలు పని దొరికిందని మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా వీధిలో సగం ఇళ్ల కథ ఇదే. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కాగితాల మీద ఇంగ్లీషు, షెడ్డులో ఈ మూడూ కలిసిన మరో భాష. నాన్న ఆవిరి ఇంజన్ల ఫిట్టరు. పెద్ద లైను మీద ఆవిరి ఇంజన్ల కాలం 1995తో ముగిసింది. మా ఊళ్లో అవి అంతకు ముందే పోయాయి. నాన్నను పెట్టెల మరమ్మతుకు మార్చారు. అక్కడే పదవీ విరమణ చేశాడు.

ఆయన పని గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. పొద్దుపోయాక ఇంటికి రావడం, నూతి దగ్గర కిరసనాయిలుతో చేతులు రుద్దుకోవడం, మాట్లాడకుండా అన్నం తిని పడుకోవడం, ఇంతే నేను చూసింది. నన్ను చదువుకోమనేవాడు గాని షెడ్డు మాట ఎత్తేవాడు కాదు. నేనూ అడగలేదు. మసి బట్టలతో బడి దగ్గరకు వచ్చినప్పుడు ఆయన్ని చూడనట్టు తలుపు చాటుకు తప్పుకున్న రోజు ఒకటి ఉంది. అది ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది.

2011లో, నాతో బ్యాంకులో పనిచేసిన ఒక పెద్దాయన పదవీ విరమణ చేసి సొంత ఊరికి వెళ్లిపోతూ ఈ ఇంజనును నాకు ఇచ్చారు. అప్పటికి అది సగమే తయారై ఉంది. ఆయనకు రైలు నమూనాలు చేసే సరదా ఉండేది. ఇంజనుతోపాటు ఒక బిస్కెట్ల డబ్బా కూడా నా చేతిలో పెట్టి, "మీ నాన్నగారు రైల్వేలో చేశారన్నారుగా, మీరు పూర్తి చెయ్యండి. నా చేతులు వణుకుతున్నాయి" అన్నారు.

నమూనా రైళ్లు ఐరోపాలో పాత సరదా. జర్మనీలోని మెర్క్లిన్ కంపెనీ 1891లో బొమ్మ రైళ్ల పట్టాలకు ఒక వరుస కొలతలు పెట్టింది. అప్పటి నుంచి అది ఆట స్థాయి దాటి ఒక పనితనమైంది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలత 87వ వంతు. అంటే అసలు ఇంజనులో ఒక అడుగు ఉన్నది నమూనాలో మూడున్నర మిల్లీమీటర్లు అవుతుంది. మన దేశంలో ఈ సరదా ఉన్నవాళ్లు తక్కువే. పుణెలో ఉన్నవాళ్లు వీలైతే జోషీ గారి చిన్నరైళ్ల ప్రదర్శనశాల చూడండి. అది 1998లో తెరిచారు. ఊరూ, స్టేషనూ, కొండా అన్నీ బల్ల మీదే ఉంటాయి.

నాకు ఇచ్చినది డబ్ల్యూ.పి. ఇంజను నమూనా. 'డబ్ల్యూ' అంటే పెద్ద లైనుది, 'పి' అంటే ప్రయాణికుల బండిని లాగేది. మొదటివి 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చాయి. తరువాత చిత్తరంజన్‌లోనూ తయారయ్యాయి. 1967 దాకా మొత్తం 755 వచ్చాయి. మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే ముక్కు మీద నక్షత్రం ఉన్న ఇంజను చాలామందికి గుర్తుంటుంది.

డబ్బా తెరిచేసరికి నా గుండె జారింది. అందులో 140 దాకా లోహపు ముక్కలున్నాయి. కొన్ని ఇత్తడివి, కొన్ని తగరమూ సీసమూ కలిపి పోసిన తెల్ల లోహానివి. పెద్దది వేరుసెనగ గింజంత, చిన్నది ఆవగింజంత. ఒక్కదాని మీదా పేరు లేదు. ఆయన ఏళ్ల తరబడి తెప్పించుకున్న పొట్లాలన్నీ విప్పి ఒకేచోట పోసేశారు. పోపుల పెట్టె బోర్లాపడితే మెంతులూ జీలకర్రా ఆవాలూ ఎలా కలిసిపోతాయో అలా ఉంది. మెంతిని చూస్తే మెంతి అని తెలుస్తుంది. ఇక్కడ ఆ దారి కూడా లేదు.

నేను ఫోటోను నమ్ముకున్నాను. హర్యానాలోని రేవాడీ షెడ్డులో 'అక్బర్' అనే డబ్ల్యూ.పి. ఇంజనును భద్రంగా ఉంచారు. దాని ఫోటో ఒకటి సంపాదించి గోడకు అంటించాను. ఫోటోలో ఉన్న ఆకారానికి దగ్గరగా ఏ ముక్క కనిపిస్తే ఆ ముక్కను అక్కడ పెట్టడం నా పద్ధతి. ఫోటోలో ఇంజను ఒక పక్కే కనిపిస్తుంది. రెండో పక్క కూడా అద్దంలో చూసినట్టు అలాగే ఉంటుందని అనుకున్నాను.

పనిముట్లు ఒక్కొక్కటే కూడాయి. మా వీధి చివర నగలు చేసే ఆయన దగ్గర పాత శ్రావణం ఒకటి కొన్నాను. అర మిల్లీమీటరు రంధ్రం చేసే చేతి బరమా తెప్పించాను. దాని సూది అంత సన్నని ములుకులు మొదటి వారంలోనే నాలుగు విరిగాయి. శ్రావణం కొసన పట్టుకున్న ముక్క కాస్త గట్టిగా నొక్కితే చాలు, టప్పున ఎగిరిపోతుంది. ఎగిరిన ఇత్తడి అయస్కాంతానికి అంటదు. చీపురుతో ఊడ్చి, దుమ్మును చేటలో పోసి చెరగాల్సి వచ్చింది. చివరకు తెల్ల పంచె ఒకటి ఒడిలో పరచుకుని దాని అంచును బల్లకు మేకులతో బిగించాను. అప్పటి నుంచి ముక్కలు ఒళ్లోనే పడ్డాయి. ఇత్తడి ముక్కను టంకం పెట్టి అతికించవచ్చు. తెల్ల లోహానికి అదే వేడి కడ్డీ తగిలిస్తే ముక్కే కరిగి బొట్టయిపోతుంది. ఆ సంగతి నాకు విజిలు పోయాక తెలిసింది.

రెండు నెలల ఆదివారాలు అలా గడిచాక, బల్ల మీద పట్టాలు గుండ్రంగా వేసి ఇంజనును నడిపాను. మోటారు చిన్నగా రొద చేస్తూ తిరిగింది. చేతికర్ర తాటించుకుంటూ వస్తున్న నాన్నను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను.

నాన్న చూపు గురించి ఇక్కడ చెప్పాలి. ఆయనకు నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు అది. మొదట పక్క చూపు పోతుంది. నడి చూపు చివరిదాకా నిలుస్తుంది. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందని నాన్న చెప్పేవాడు. గుమ్మం పక్కనున్న బిందెను తన్నుకునేవాడు గాని, భూతద్దం పెట్టుకుంటే సూదిలో దారం ఎక్కించగలిగేవాడు. పోయిన చూపు మళ్లీ రాదనీ, ఉన్నదాన్ని చుక్కల మందుతో కొంతకాలం కాపాడుకోవడమేననీ డాక్టరు నాతో విడిగా చెప్పాడు. నాన్నతో చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకు తెలుసు.

నాన్న భూతద్దం తీసి ఇంజనును చాలాసేపు చూశాడు. మొదట, "దీని కాళ్లు దగ్గరగా ఉన్నాయేటి?" అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. మన పెద్ద లైను వెడల్పు 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైన రావాలి. కాని బజారులో దొరికే నమూనా పట్టాల వెడల్పు పదహారున్నర. అది ఐరోపా, అమెరికాల లైనుకు సరిపోయే లెక్క. మనవాళ్లు చాలామంది ఆ పట్టాల మీదే మన ఇంజన్లను సర్దుకుంటారు. మూడు మిల్లీమీటర్ల తేడా నాన్నకు ఒక్క చూపులో తెలిసింది.

తరువాత ముక్కు దగ్గరకు వంగాడు. చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. లేచి కర్ర అందుకుంటూ, "బాగుందిరా. గాని ఈ బండి కదల్దు" అన్నాడు.

"కదులుతోంది కదా నాన్నా, చూడు" అని మీట తిప్పాను. ఇంజను రెండు చుట్లు తిరిగింది.

"నువ్వు కరెంటు పెట్టి తోస్తన్నావు. బండి కదల్దు" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు కోపంతో నిద్ర పట్టలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్లి, ఎందుకు కదలదో చెప్పమన్నాను. నాన్న కాఫీ తాగడం పూర్తిచేసి మొదలుపెట్టాడు. ఆయన అంతసేపు ఆగకుండా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"బండికి బ్రేకు ఎలా పడతాది? నువ్వు సెప్పు" అన్నాడు. డ్రైవరు మీట లాగితే పడుతుందన్నాను. నాన్న తల అడ్డంగా ఊపాడు. ఇంజను నుంచి చివరి పెట్టె దాకా ఒక గొట్టం ఉంటుంది. పెట్టెకూ పెట్టెకూ మధ్య రబ్బరు గొట్టాలతో దాన్ని కలుపుతారు. ఇంజనులో 'ఎజెక్టరు' అనే పరికరం ఆ గొట్టం మొత్తంలోంచి గాలిని లాగేస్తుంది. దానిని షెడ్డు భాషలో 'వాకం' అంటారు. 21 అంగుళాల వాకం వస్తేనే బ్రేకు వదులుతుంది. గొట్టంలోకి గాలి చొరబడితే బ్రేకు పట్టేస్తుంది. బ్రేకు వేయడానికి బలం కావాలని నేను అనుకుంటూ వచ్చాను. ఈ ఏర్పాటులో పని అంతా దాన్ని వదిలించడానికే. దారిలో కొక్కెం తెగి బండి రెండు ముక్కలైతే గొట్టం కూడా తెగుతుంది, గాలి దూరుతుంది, రెండు ముక్కలూ వాటంతట అవే ఆగిపోతాయి.

"అలాంటప్పుడు ఇంజను ముందున్న గొట్టం మూతి తెరిచి వదిలేస్తే ఏటవుతాది? ఎంత లాగినా గాలి వస్తానే ఉంటాది. అందుకని వాడని గొట్టాన్ని వంచి దాని డమ్మీ మీద మూసి పెడతాం. నువ్వు ఏలాడదీసేసినావు" అన్నాడు నాన్న.

నేను ఇంజను తెచ్చి చూశాను. ఫోటోలో ఆ చోట నీడ పడింది. ముక్క సన్నగా, వంపుగా, అందంగా ఉందని, ఏనుగు తొండంలా కిందికి వేలాడదీశాను. ఆ గొట్టాన్ని మూసే డమ్మీ ముక్కను ఏదో మరమేకు తలకాయ అనుకుని డబ్బాలోనే వదిలేశాను.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. ముక్క ఆకారం చూసి చోటు వెతకడం మానేశాం. ముందు అది ఏం పని చేస్తుందో తేలాలి. చోటు దానంతట అదే తెలుస్తుంది. నాన్న నన్ను పెరటి గోడ దగ్గరకు తీసుకుపోయి, పొయ్యిలోంచి బొగ్గు ముక్క ఒకటి తెమ్మన్నాడు. పండగకు సున్నం వేసిన గోడ అది. దాని మీద పావు కొలతకు ఇంజను గీశాడు. పక్క చూపు లేదు కాబట్టి ఒక చోట గీసి, రెండడుగులు జరిగి, గోడను చేత్తో తడిమి, మళ్లీ గీసేవాడు. పొడవు మూడు మీటర్ల పైన వచ్చింది. అమ్మ వాకిట్లోకి వచ్చి, "సున్నం డబ్బులు ఎవరిస్తారు?" అంది. నాన్న గీస్తూనే, "పక్కకు జరుగు, ఆవిరి వస్తాది" అన్నాడు. అమ్మ నవ్వు ఆపుకుంటూ లోపలికి పోయింది.

ప్రతి ఆదివారం నేను డబ్బాతోనూ, నాన్న భూతద్దంతోనూ గోడ ముందు కూర్చునేవాళ్లం. నాన్న ఎప్పుడూ ముక్క పేరు చెప్పేవాడు కాదు. ప్రశ్న వేసేవాడు. "ఇందులోంచి ఏది పోతాది? నీళ్లా, ఆవిరా, గాలా, ఇసకా?" ముక్కకు రెండు చివరలా గొట్టం తగిలే చోటు ఉంటే ఏదో ఒకటి దానిలోంచి పోతోందన్నమాట. ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో గోడ మీద వేలితో చూపించాలి. చూపించలేకపోతే ఆ ముక్క తిరిగి డబ్బాలోకి వెళ్లేది.

అలా తేలినవాటిలో నాకు బాగా నచ్చింది ఇంజెక్టరు. బాయిలరులో అంగుళానికి 210 పౌన్ల ఒత్తిడి ఉంటుంది. అంత ఒత్తిడికి ఎదురుగా లోపలికి నీళ్లు పంపాలి. ఆ పనిని అదే బాయిలరు ఆవిరితో చేయిస్తారు! ఆవిరి సన్నని సందులోంచి దూసుకువస్తూ నీళ్లను తనతో లాక్కుని, నీటిగా మారి, ఆ వేగంతోనే బాయిలరులోకి తోసుకుపోతుంది. కదిలే భాగం దాదాపు ఏదీ ఉండదు. దీన్ని 1858లో జిఫార్డ్ అనే ఫ్రెంచి ఇంజనీరు కనిపెట్టాడు. నీళ్లు బాయిలరులోకి చేరే చోట ఒకే వైపు తెరుచుకునే కవాటం ఉంటుంది. వచ్చిన నీళ్లు వెనక్కి పోకుండా అది చూసుకుంటుంది. నేను దాన్ని తలకిందులుగా బిగించి, గొట్టం కూడా లేకుండా వదిలేశాను. "నీ ఇంజను దాహంతో సచ్చిపోతాది" అన్నాడు నాన్న.

సిలిండరు కిందికి వంగిన సన్న గొట్టాలు మరొకటి. ఆగి ఉన్న ఇంజను సిలిండరులో ఆవిరి చల్లారి నీరవుతుంది. ఆవిరి నొక్కితే అణుగుతుంది, నీరు అణగదు. పిస్టను వచ్చి ఆ నీటిని గుద్దితే సిలిండరు మూత పగిలిపోతుంది. అందుకే బయలుదేరేటప్పుడు డ్రైవరు కింది కాక్కులు తెరిచి నీటిని బయటకు కొట్టిస్తాడు. పాత సినిమాల్లో బండి బయలుదేరగానే చక్రాల దగ్గర తెల్లగా బుస్సుమని వచ్చేది అదే. చక్రాల ముందు పట్టాల మీదకి దిగేవి ఇసుక గొట్టాలు. పట్టా తడిసి చక్రం జారితే ఇసుక వదులుతారు. ఈ రెండు రకాల గొట్టాలనూ నేను కలిపేసి ఎక్కడ పొడవు సరిపోతే అక్కడ పెట్టాను. రెండు పక్కలా ఒకేలా పెట్టినవాటిని కూడా కొన్నిటిని పీకించాడు. "మనిషికి గుండె రెండు పక్కలా ఉంటాదేటి?" అన్నాడు.

ఒకరోజు డ్రైవరు నిలబడే గది దగ్గరకు వచ్చాం. లోపల బాయిలరు గోడకు నీటిమట్టం చూపించే గేజి గ్లాసులు రెండు బిగించి ఉన్నాయి. ముల్లు మొనంత ఇత్తడి ముక్కలవి. నాన్న వాటిని భూతద్దంలో చూసి, "వీటి కవరు ఏదిరా?" అన్నాడు. డబ్బాలో లేదన్నాను. "లేకపోతే సెయ్యి" అన్నాడు. అంత చిన్న చోట ఎవరికి కనిపిస్తుందని అన్నాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఎడమ చేతి చొక్కా మడత పైకి లాగాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా ఉన్న మచ్చ నా చిన్నప్పటి నుంచి నేను చూస్తున్నదే. కొలిమిలో కాలిందని ఇంట్లో చెప్పుకునేవాళ్లం.

అది కొలిమి కాదు. పెళ్లికి ముందు, వేరే ఊళ్లో పనిచేస్తున్నప్పుడు జరిగిందట. గేజి గ్లాసు అంటే బాయిలరుతో కలిసి ఉన్న గాజు గొట్టం. లోపలి ఒత్తిడి అంతా దానిలోనూ ఉంటుంది. ఎప్పుడైనా పగలవచ్చు. అందుకని దాని చుట్టూ మందపు గాజు కవరు బిగిస్తారు. ఆ రాత్రి నాన్న కొత్త గ్లాసు వేశాడు. బండికి టైమైందని తొందర చేశారు. కవరు తరువాత వేద్దామని పక్కన పెట్టాడు. తన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు నీటిమట్టం చూడటానికి ముఖం దగ్గరగా పెట్టాడు. గ్లాసు పగిలింది. నాన్న చెయ్యి అడ్డం పెట్టి మీటలు మూసేలోపల ఆ కుర్రాడికి చెంప నుంచి భుజం దాకా కాలింది.

"ఎవరూ నన్ను ఏటీ అనలేదు. గ్లాసు పగలడం మామూలే అన్నారు. కవరు నా పక్కనే ఉంది, నేలమీద" అన్నాడు నాన్న. ఆ తరువాత ఆ కుర్రాడు పని మానేసి ఊరు వెళ్లిపోయాడట. నలభై ఏళ్ల పైబడి ఈ మాట అమ్మకు కూడా చెప్పలేదు. నేనేం అనాలో తెలియక గోడ మీది బొమ్మను చూస్తూ కూర్చున్నాను.

నాన్న మాత్రలు అయిపోయిన అట్ట ఒకటి తీసుకుని దాని పారదర్శకమైన పైభాగంలోంచి మూడున్నర మిల్లీమీటర్ల పట్టీలు కోశాను. వాటిని మూడు పలకలుగా మడిచి గ్లాసుల ముందు నిలబెట్టాలి. త్వరగా ఆరే జిగురు వాడితే దాని ఆవిరికి పారదర్శకమైన వస్తువు పాలలా తెల్లబడిపోతుంది. మొదటి జత అలాగే పాడైంది. రెండోసారి కొయ్యకు వాడే తెల్ల జిగురు సూది మొనతో అంటించి రాత్రంతా ఆరబెట్టాను. పొద్దున నాన్న చూసి భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

ఇంజను పూర్తికావస్తుండగా వేరే చిక్కు వచ్చింది. నమూనా ఇంజనుకు కరెంటు పట్టాల నుంచి చక్రాల ద్వారా వస్తుంది. ఒక పట్టాలో ఒకటి, రెండో పట్టాలో దానికి వ్యతిరేకమైనది. నిజం ఇంజనులో ఉన్నంత దగ్గరగా ఇసుక గొట్టాన్నీ, బ్రేకు దిమ్మలనూ చక్రానికి పెడితే ఇత్తడి ఇత్తడికి తగిలి షార్టవుతుంది. ఒక వెంట్రుక మందం ఎడం ఉంచి, లోపలివైపు మా ఇంట్లో గోళ్లకు వేసుకునే రంగు పూశాను. ఆ బాధ తప్పింది. తప్పనిది ముందు మెట్టు. నా బల్ల మీది పట్టా వంపు వ్యాసార్ధం 45 సెంటీమీటర్లు. 87తో గుణిస్తే 39 మీటర్లు. పెద్ద లైను మీద వంపు 175 మీటర్ల కన్న గట్టిగా ఉండకూడదు. నిజం ఇంజను ఎప్పుడూ తిరగని మలుపును నమూనా తిరగాలి. అలా తిరిగేటప్పుడు ముందరి చిన్న చక్రాలు బాగా పక్కకు జరిగి మెట్టుకు తగిలి పట్టా తప్పుతాయి. మెట్టును రెండు మిల్లీమీటర్లు కోసేస్తే నడుస్తుంది. నమూనాలు చేసేవాళ్లలో చాలామంది చేసే పని అదే. తప్పని నేను అనను. నడవని రైలు కూడా ఏం రైలు?

కత్తెర తీసుకుని నాన్నను అడిగాను. నాన్న వేలి కొసతో ఆ మెట్టును తడిమాడు. "దీని మీద కాలేసే నేను పైకెక్కేవాణ్ని. నువ్వు కోసేస్తే ఎలా ఎక్కుతాను?" అన్నాడు. నేను కత్తెర పక్కన పెట్టేశాను. నాన్న చెప్పినట్టే ముందరి రబ్బరు గొట్టాన్ని తీసి, వంచి, దాని మూతిని డమ్మీ మీద కూర్చోబెట్టి అతికించాను. అదే ఆఖరి పని. అప్పటికి 2013 వచ్చింది.

డబ్బాలో పదకొండు ముక్కలు మిగిలాయి. పది వేరే రకం ఇంజన్లవని నాన్న తేల్చాడు. ఒకటి ఆయనకూ అంతుపట్టలేదు. దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకుని, తనతో పనిచేసి దిగిపోయిన ముగ్గురి దగ్గరకు తీసుకెళ్లాడు. వాళ్లు ఒక సాయంత్రమంతా దాని మీద పోట్లాడుకున్నారట. ఒకరు నూనె పెట్టే పరికరమన్నారు, ఒకరు దీపం కొక్కెమన్నారు, మూడో ఆయన అది అసలు రైలుదే కాదన్నాడు. అగ్గిపెట్టె ఇప్పటికీ గాజు పెట్టె పక్కనే ఉంది.

మలుపు తిరగలేదు కాబట్టి ఇంజనును గాజు పెట్టెలో తిన్నని పట్టా మీద నిలబెట్టాను. కరెంటు తీగ కూడా కలపలేదు. పెట్టె మూసేముందు నాన్న భూతద్దంతో ముక్కు దగ్గర వంగి చూసి, "ఇప్పుడు కదుల్తాది" అన్నాడు.

గోడ మీది బొగ్గు బొమ్మ మూడు వానాకాలాలు ఉండి చెరిగిపోయింది. నాన్నకు ఇప్పుడు చూపు లేదు. నెలకోసారి పెట్టె తుడవడానికి నేను గాజు తలుపు తీస్తే ఆ చప్పుడు విని, "గొట్టం ఉందేటిరా?" అని మంచం మీద నుంచి అడుగుతాడు. ఉందంటాను. "డమ్మీ మీదే ఉందా?" అంటాడు. ఇంజను తీసుకెళ్లి ఆయన చేతికిస్తాను.